డాబా మీద ఎండలో కాదు, ఫ్రిజ్‌లో నానాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ వేసవి పేజీలో ‘ఎండే పొయ్యి’ అని ఒక చిట్కా వేశారు. గాజు జాడీలో నీళ్ళు పోసి, గుప్పెడు పుదీనా, నాలుగు తులసి రెమ్మలు, కాసిని ‘ఎండు మందార రేకలు’ వేసి, పొద్దున పదింటికి డాబా మీద పెట్టి సాయంత్రం నాలుగింటికి దించుకుంటే చల్లటి మూలికల టీ సిద్ధమన్నారు. గ్యాసు ఖర్చు లేదు, శ్రమ లేదు అనీ రాశారు. నిజమే, రెండూ లేవు. కాకపోతే మన గుంటూరు, విజయవాడ ఎండల్లో అలా చేస్తే మర్నాడు కడుపు కూడా కుదురుగా ఉండదు. అందులో తప్పులు రెండు. ఒకటి ఆరోగ్యానికి సంబంధించింది, రెండోది పేరుకు సంబంధించింది. మొదటిది ముందు చెప్పాలి.

ఎండలో పెట్టడం మనకు కొత్త కాదు. వడియాలు, ఒరుగులు, మిరపకాయలు అన్నీ డాబా మీదే ఎండుతాయి. అక్కడ ఎండ తడిని లాగేస్తుంది. తడి లేనిచోట క్రిమి పెరగదు. నీళ్ళ జాడీలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. బయట 43 డిగ్రీలు మండుతున్నా జాడీలో నీళ్ళు 55 దాటడం అరుదు. క్రిముల పెరుగుదల ఆగాలంటే 60 పైన ఉండాలి, లేదా 5 కింద ఉండాలి. ఆ మధ్యదంతా వాటికి పుట్టినిల్లు. పొద్దుటిపూట రెండు మూడు గంటలు జాడీ నీళ్ళు 35, 40 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంటాయి. ఆ వేడిలో మేత దొరికితే కొన్ని రకాల బ్యాక్టీరియా 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. ఆరు గంటల్లో 18 రెట్టింపులు, అంటే ఒకటి రెండు లక్షల అరవై వేలు దాటుతుంది. ఆకుల నీళ్ళలో మేత తక్కువ కాబట్టి లెక్క అంత నిండుగా రాదు. అయినా అందులో నాలుగో వంతు రెట్టింపులు జరిగినా పిల్లలకు, ముసలివాళ్ళకు చాలు.

పుదీనా నేలను ఆనుకుని పెరిగే ఆకు. పేడ ఎరువు, కాలవ నీళ్ళు, కట్ట వాడిపోకుండా బజార్లో చల్లే నీళ్ళు అన్నీ దాని మీదుగానే ఇంటికొస్తాయి. కాచిన టీలో ఆ మురికి సంగతి మరిగే నీళ్ళు చూసుకుంటాయి. చల్లటి టీలో చూసుకునేవాళ్ళెవరూ లేరు. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే తోస్తాయి.

కొందరు ఎండ వద్దు, మట్టి కూజాలో నానబెడదాం అంటారు. కూజా తాగే నీళ్ళకు బంగారం లాంటిది. కానీ దాని చల్లదనం నీరు ఆవిరవడం వల్ల వచ్చేది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లబడుతుంది. అందుకే రెంటచింతల వైపు కూజా నీళ్ళు ఒళ్ళు జలదరించేలా ఉంటాయి, బెజవాడలో కృష్ణ పక్కన ఉక్కపోతలో అదే కూజా నీరసపడుతుంది. ఎక్కడైనా పాతిక డిగ్రీల దరిదాపుల్లోనే ఆగుతుంది తప్ప అయిదుకు దిగదు. పైగా సన్నటి రంధ్రాల్లోకి ఆకుల రసం దిగితే కూజాను ఇక కడగలేం. వట్టివేళ్ళు ఒక పూట వేసి తీసేయడం వరకే దానితో పని.

అంటే చల్లగా నానబెట్టాలంటే ఫ్రిజ్ ఒక్కటే చోటు. పద్ధతి మాత్రం కొత్తదేం కాదు. బెంజి సర్కిల్ కెఫేల్లో కోల్డ్ బ్రూ అని పొడుగాటి గ్లాసులో పోసి ఇస్తున్నదాన్ని ఆయుర్వేదం ఎప్పుడో ‘హిమం’ అంది. స్వరసం (పిండిన రసం), కల్కం (నూరిన ముద్ద), క్వాథం (కాచినది), హిమం, ఫాంటం అని కషాయాలు అయిదు రకాలు. దంచిన మూలికను చన్నీళ్ళలో రాత్రంతా నానబెట్టి పొద్దున వడకట్టేది హిమం, వేడినీళ్ళు పోసి కాసేపట్లో వడకట్టేది ఫాంటం. దాహానికి, ఒంట్లో మంటకు ఇచ్చే ధనియాల హిమం ఆ కోవలోదే. అయితే వైద్యులు చెప్పే హిమం ఒక పాలు మందుకు ఆరు పాళ్ళు నీళ్ళు. అది మోతాదు ప్రకారం తాగేది. మనం గ్లాసుల కొద్దీ తాగేది దానికంటే ఎన్నో రెట్లు పల్చగా ఉండాలి.

చన్నీళ్ళే ఎందుకంటే, వేడి అన్నిటినీ బయటికి లాగుతుంది, వగరును మరీ త్వరగా లాగుతుంది. తేయాకులో వగరు తెచ్చే పదార్థాలు, కెఫీన్ చన్నీళ్ళలోకి తక్కువగా, ఆలస్యంగా దిగుతాయి. తీపినిచ్చేవి, వాసననిచ్చేవి కొన్ని చన్నీళ్ళలో కూడా బాగానే దిగుతాయి. పైగా వేడితో ఆవిరై వంటింటి నిండా పరుచుకునే సువాసన ఇక్కడ జాడీలోనే ఉండిపోతుంది. మూల్యం ఒక్కటే, కాలం. అయిదు నిమిషాల పనికి ఎనిమిది గంటలు పడుతుంది.

ఇప్పుడు పేరు సంగతి. సూపర్ బజార్లలో పొట్లాల మీద ‘హైబిస్కస్ టీ’ అని ఉంటుంది. దాన్ని మన పత్రికలు ‘మందార టీ’ అని తెలుగు చేస్తున్నాయి. ఆ పొట్లంలో ఉండేది మన పెరటి మందారం కాదు, గోంగూర! వృక్షశాస్త్రంలో పెరటి మందారం హైబిస్కస్ రోజా సైనెన్సిస్, ఎర్ర గోంగూర హైబిస్కస్ సబ్దరిఫా. గోంగూర పూత రాలాక కాయ చుట్టూ కండపట్టి ఎర్రగా, పుల్లగా ఉండే తొడుగును ఎండబెట్టి ప్రపంచమంతా తాగుతోంది. ఈజిప్టు, సూడాన్‌లలో కర్కదే అంటారు, సెనెగల్‌లో బిసాప్, మెక్సికోలో హమైకా. గోంగూర పేరు చెబితే గుంటూరు గుర్తుకొచ్చే చోట ఆ పొట్లాన్ని దూరదేశపు వస్తువులా కొనుక్కోవడం కాస్త నవ్వొచ్చే సంగతే. మందార రేకలు నానబెడితే పులుపు రాదు, నీరసమైన ఊదా రంగు వస్తుంది, కొంచెం జిగురూ వస్తుంది. నిమ్మరసం పిండితే ఎర్రబడుతుంది గానీ రుచి మాత్రం నిమ్మకాయదే. (అసలు నిబంధనల ప్రకారం తేయాకు మొక్క నుంచి వచ్చిందే టీ. మూలికల నీళ్ళను టీ అనడం నోటి వాడుక. ఇక్కడా ఆ వాడుకే.)

తొడుగులు ఎక్కడ దొరుకుతాయన్నదే చిక్కు. ఆకు కోసం వేసిన మడిని పూతకు రాకముందే పీకేస్తారు. గోంగూర పగటిపొద్దు తగ్గితేనే పూస్తుంది. తొలకరికి వేసింది అక్టోబరు, నవంబరులో పూతకొస్తుంది. విత్తనానికి వదిలిన మొక్కలున్న రైతును ముందే అడిగి పెట్టుకోవాలి. పూత రాలిన రెండు మూడు వారాలకు తొడుగు లేతగా, తుంచితే పుటుక్కుమనేలా ఉంటుంది. అప్పుడు కోయాలి. ముదిరితే పీచు. అన్ని రకాలకూ కండ ఉండదు. నార కోసం పెంచే గోగు రకాల్లో తొడుగు పల్చగా, పొట్టులా ఉంటుంది, దానితో లాభం లేదు. కోసిన కాయ అడుగున చాకుమొనతో గుండ్రంగా గాటు పెట్టి కింది నుంచి నొక్కితే లోపలి గింజకాయ పైకొచ్చేస్తుంది, తొడుగు పువ్వులా చేతిలో మిగులుతుంది. ఆ గింజకాయ మీది నూగు గొంతులో గీరుకుంటుంది కాబట్టి ఒక్కటి కూడా మిగలకూడదు. పల్చటి బట్ట కప్పి మూడు నాలుగు రోజులు ఎండబెడితే విరిస్తే విరిగేలా అవుతాయి. పది కిలోల పచ్చివి ఎండితే కిలో అటూ ఇటూ అవుతాయి. చలికాలంలో ఎండబెట్టి గాలి చొరని సీసాలో చీకట్లో ఉంచుకున్నవే మే నెలకు పనికొస్తాయి.

ఆ యోగం లేనివాళ్ళు విజయవాడ వన్‌టౌన్‌లోనో, గుంటూరు పట్నం బజార్లోనో మూలికల కొట్టులో అడగవచ్చు. గోధుమ రంగు తిరిగినవి, మెత్తగా వంగేవి తీసుకోవద్దు. తేమ తగిలిందని అర్థం. రంగు కలిపారేమోనని అనుమానం వస్తే రెండు తొడుగులు అరగ్లాసు నీళ్ళలో వేసి, నీరు ఎర్రబడ్డాక చిటికెడు వంటసోడా కలపండి. గోంగూర ఎరుపైతే నీలం, ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులోకి మారిపోతుంది. కృత్రిమ రంగైతే ఎర్రగానే ఉంటుంది. సోడా కలిపిన నీళ్ళు పారబోయండి.

ఇక పద్ధతి. లీటరుకు ఎండు తొడుగులు 12 గ్రాములు. ఇంట్లో కాటా లేకపోతే వంద గ్రాముల పొట్లం విప్పి పళ్ళెంలో ఎనిమిది సమాన కుప్పలు చేయండి. ఒక్కో కుప్ప పన్నెండున్నర గ్రాములు. ‘గుప్పెడు’ అనే కొలత వద్దు. మనిషికో గుప్పెడు కాబట్టే ఒకరింట్లో పల్చగా, ఒకరింట్లో పళ్ళు పులిసేలా వస్తోంది.

నీళ్ళు ముందురోజే కాయాలి. కుళాయి నీళ్ళయినా, క్యాన్ నీళ్ళయినా తేడా లేదు. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచి, మూత పెట్టి చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాటికి అవి 5 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఇప్పుడు 12 గ్రాముల తొడుగులను జాడీలో వేసి, వాటి మీద 100 మిల్లీలీటర్లు మాత్రం సలసల మరిగే నీళ్ళు పోసి రెండు నిమిషాలు ఉంచండి. ఎండు మూలికల మీది క్రిములు చాలావరకు ఇక్కడే పోతాయి, ముడుచుకున్న తొడుగులూ విచ్చుకుంటాయి. ఆ నీళ్ళు పారబోయొద్దు, రుచి అందులోనే ఉంది. వెంటనే ఫ్రిజ్‌లోని 900 మిల్లీలీటర్లు పోయండి. మొత్తం కలిసి 13 డిగ్రీల దగ్గరికి వస్తుంది, కొన్ని గంటల్లో 5కు దిగుతుంది. ఇలా కాకుండా మామూలు నీళ్ళు లీటరు పోసి పెడితే, మే నెలలో అవి 33, 34 డిగ్రీలుంటాయి. ఊపిరాడకుండా సరుకు కుక్కిన ఫ్రిజ్‌లో అవి చల్లబడటానికి సగం రాత్రి పడుతుంది. ఆ సగం రాత్రీ డాబా మీద పెట్టినట్టే.

వేడినీళ్ళు చిలకరించినా చావని మొండి క్రిములు కొన్ని ఉంటాయి. వాటిని చలే ఆపాలి. అందుకే జాడీని ఫ్రిజ్ తలుపు అరలో పెట్టకూడదు. తీసినప్పుడల్లా వేడిగాలి కొట్టేది దానికే. మధ్య అరలో, వెనక గోడ వైపు పెట్టాలి.

ఎనిమిది గంటలకు రంగు మాణిక్యంలా వస్తుంది. జాలీతో ఒకసారి, పల్చటి మల్లు గుడ్డతో ఒకసారి వడకట్టండి. గుడ్డను పిండొద్దు. పిండితే పిప్పిలోని జిగురు, వగరు దిగి నీళ్ళు మసకబారతాయి. దానంతటదే కారనివ్వాలి. గోంగూర పన్నెండు గంటలున్నా పాడవదు గానీ పులుపు మొరటుగా మారుతుంది.

రంగు మాణిక్యంలా కాకుండా నేరేడుపండు నీళ్ళలా నల్లగా, ఊదాగా వచ్చిందంటే తప్పు గోంగూరది కాదు, నీళ్ళది. బోరు నీళ్ళలో క్షారం ఎక్కువ. అది గోంగూర పులుపును విరిచేస్తుంది, పులుపు తగ్గగానే ఎరుపు ఊదాలోకి తిరుగుతుంది. అలాంటి చోట తాగే నీళ్ళు వేరే పెట్టుకోవాలి, లేదా వడకట్టాక అరచెక్క నిమ్మరసం పిండితే రంగు తిరిగొస్తుంది. శంఖుపుష్పంలోనూ ఇదే గారడీ. లీటరుకు పది పచ్చి పూలు, అడుగున ఆకుపచ్చ తొడిమ తీసేసి వేయాలి, లేకపోతే చిక్కుడుకాయ పచ్చివాసన వస్తుంది. నీలం నీళ్ళలో నిమ్మరసం పడితే వంగపండు రంగవుతుంది. పిల్లలకు సరదా. రుచి చెప్పుకోదగ్గదేం కాదు.

పాత్ర గాజుదో, స్టీలుదో కావాలి. రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రల్లో గోంగూర, నిమ్మ వేయకూడదు. ఈమధ్య ఇంటింటికీ రాగి సీసాలు వచ్చాయి. పులుపు రాగిని కరిగిస్తుంది, తాగితే కడుపులో తిప్పి వాంతులవుతాయి. జాడీ మూత కింద రబ్బరు చుట్ట ఉంటే విడదీసి కడగాలి. జారుడు పాచి ముందు పట్టేది అక్కడే. ఆవకాయ పెట్టిన సీసా జోలికి అసలు వెళ్ళొద్దు. ఏడుసార్లు తోమి ఎండబెట్టినా మూతలో ఆవ ఘాటు పోదు, పుదీనా టీ కాస్తా ఊరగాయ తొలిచిన నీళ్ళలా ఉంటుంది.

పుదీనా దగ్గర చాలామంది పొరపడేది నలపడంలో. కచ్చాపచ్చాగా దంచి వేస్తే రుచి బాగా దిగుతుందనుకుంటారు. ఆకు నలిగితే అందులోని ఎంజైములు గాలితో కలిసి నల్లబరుస్తాయి, కోసిన వంకాయ నల్లబడ్డట్టే. నీళ్ళు మురికిరంగు తిరిగి గడ్డివాసన కొడతాయి. చేయవలసింది ఇది. కట్ట అడుగున వేళ్ళు కోసేసి, ఆకులు తుంచి, మూడు నీళ్ళలో జాడించండి. ఉప్పునీళ్ళు పురుగుల్ని వదిలిస్తాయి తప్ప క్రిముల్ని చంపవు. తర్వాత ఆకుల్ని చిల్లుల గరిటెలో పెట్టి మరుగుతున్న నీళ్ళలో పది పదిహేను సెకన్లు ముంచి, వెంటనే కాచి చల్లార్చిన ఐసునీళ్ళలో వేయండి. చల్లటి టీకి వేడినీళ్ళేమిటని అనిపిస్తుంది. కానీ ఆ పది సెకన్లతో నల్లబరిచే ఎంజైమూ చస్తుంది, మురికీ పోతుంది, ఆకు మర్నాటికి కూడా పచ్చగా ఉంటుంది. వాసన ఇసుమంత తగ్గుతుంది, ఆ మాత్రం ఒప్పుకోవచ్చు. లీటరుకు 20 గ్రాముల ఆకులు, చిన్న కట్ట తుంచితే ఇంచుమించు అంతే. నాలుగు నుంచి ఆరు గంటలు, అంతకు మించొద్దు. మన పుదీనా పెప్పర్‌మింట్ కాదు. దీని వాసన కార్వోన్ అనే నూనెది, మెంథాల్ కాదు. నాలుక మీద మంచు పెట్టినట్టు ఎందుకు ఉండటం లేదని మోతాదు పెంచితే చేదు మిగులుతుంది.

తులసికీ ఇదే స్నానం. లీటరుకు పది గ్రాములు చాలు, ఎక్కువైతే లవంగం నమిలినట్టుంటుంది. గుడి దగ్గర అమ్మే తులసి దండలు, పూజకని అమ్మే గులాబీలు తాగే నీళ్ళలో వేయొద్దు. అవి తినడానికి పెంచినవి కావు, ఎంత మందు కొట్టారో తెలియదు. రంగు బాగుందని తెలియని పూలు వేయడం మరీ ప్రమాదం. గన్నేరు విషం, ఒక్క రేక కూడా వేయకూడదు.

నిమ్మగడ్డిలో అడుగున తెల్లటి కాడ వాడాలి. రెండు కాడలు రోకలితో చితక్కొట్టి ఎనిమిది గంటలు. అల్లం పది గ్రాములు పల్చగా తరగాలి, తురమొద్దు, పిండి దిగి నీళ్ళు పాలలా అవుతాయి. ధనియాలు రెండు టీస్పూన్లు బద్దలయ్యేలా నలిపి రాత్రంతా. సోంపు నూనె చన్నీళ్ళలో సరిగా కలవదు, దాన్ని కాచుకోవడమే మేలు. గోంగూర ఆకు కూడా చన్నీళ్ళకు లొంగదు, పసరు తప్ప ఏమీ రాదు. ఆకు పప్పులోకే.

వేళ్ళ సంగతి వేరు. వట్టివేళ్ళు లీటరుకు పది గ్రాములు. కట్ట విప్పి మూడుసార్లు కాదు, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. వేళ్ళ సందుల్లో ఇసుక ఉంటుంది. 100 మిల్లీలీటర్ల మరుగునీళ్ళలో రెండు నిమిషాలు, తర్వాత చన్నీళ్ళలో పన్నెండు గంటలు. తడిమట్టి వాసన నీళ్ళకు పడుతుంది. అదే కట్టను ఆ వెంటనే రెండోసారి వేసుకోవచ్చు, మూడోసారి వద్దు. సుగంధిపాల వేరు 15 గ్రాములు. కడిగి ఆరాక కచ్చాపచ్చాగా దంచి, ఇదే తీరున పన్నెండు గంటలు. వాసన బెరడులో ఉంటుంది కాబట్టి చెక్కు తీయకూడదు. బండి మీద సుగంధి సోడాకు అలవాటుపడ్డ నాలుకకు ఇది చప్పగా తోస్తుంది. బండి మీద పోసేది పంచదార పాకం, చాలాచోట్ల ఎసెన్సు. వేరుకు సొంతంగా అంత తీపి లేదు.

తీపి కావాలంటే పంచదార చల్లటి జాడీలో వేయొద్దు, అడుగున ఇసుకలా కూర్చుంటుంది. 200 గ్రాముల పంచదార, 200 మిల్లీలీటర్ల నీళ్ళు వేడిచేసి, కరగగానే దించి, చల్లార్చి సీసాలో పెట్టుకోండి. తీగపాకం అక్కర్లేదు. గ్లాసుకు మూడు టీస్పూన్లు. తాటిబెల్లం వట్టివేళ్ళకు, సుగంధికి జోడు కుదురుతుంది. కరిగించి గుడ్డలో వడకట్టాలి. గోంగూరలో, శంఖుపుష్పంలో వేస్తే రంగంతా మట్టిపాలవుతుంది.

సబ్జా గింజలు విడిగా నానబెట్టి గ్లాసులోనే కలుపుకోవాలి. టీస్పూను గింజలకు 100 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్ళు, ఇరవై నిమిషాలు. జాడీలో వేస్తే మొత్తం జిగురవుతుంది, త్వరగా చెడుతుంది. నిమ్మచెక్కలు రాత్రంతా నానితే తొక్కలోని చేదు దిగుతుంది, రసం మాత్రం చివర్లో పిండాలి. తెనాలి వైపు నిమ్మకు కొదవలేదు గదా అని చెక్కలకు చెక్కలు వేసేసేవారికి ఈ మాట. ఐసు విషయంలో, బయట కొట్టి అమ్మే దిమ్మల ఐసు తాగడానికి చేసింది కాదు. వడకట్టిన టీనే కొంత ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించుకుంటే కరిగినా పల్చబడదు.

ఎంతసేపు నిలవ ఉంటుందంటే, పచ్చి ఆకులతో చేసింది వడకట్టాక 24 గంటలు. ఎండు మూలికలది రెండు రోజులు. గోంగూర పులుపు ఎక్కువ కాబట్టి మూడో రోజుకూ ఆగుతుంది. గరిటెతో ఎత్తితే తీగలా సాగినా, మూత తీయగానే బుస్సుమన్నా, అడుగున తెల్లటి పొర కదిలినా రుచి చూడకుండా పారబోయాలి. కాచి తాగుదామన్న ఆలోచన వద్దు. వేసవిలో కరెంటు కోతలుంటాయి. తలుపు తీయకపోతే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లదనం పట్టి ఉంచుతుంది. అంతకు మించి కరెంటు పోతే నానుతున్న జాడీని వదులుకోవాల్సిందే. ఎనిమిది రూపాయల పుదీనా కోసం ఆసుపత్రి మెట్లెక్కడం ఎందుకు?

మీ చిట్కా కింద ‘వడదెబ్బకు విరుగుడు’ అని కూడా రాశారు. ఇది తీసేయాలి. ఈ నీళ్ళలో ఉప్పు లేదు. చెమటతో పోయే ఉప్పును ఇవి తిరిగి ఇవ్వలేవు. ఎండకు పడిపోయినవారికి, విరేచనాలైనవారికి కావలసింది ఓఆర్ఎస్. పొట్లం దొరక్కపోతే లీటరు కాచిన నీళ్ళకు చదునుగా కొలిచిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతుంటే ఏదీ తాగించకుండా ఒళ్ళు తడుపుతూ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గోంగూర టీ రక్తపోటును కొంత తగ్గిస్తుంది. బీపీ మాత్రలు వేసుకునేవారు రోజూ తాగదలిస్తే డాక్టరును అడగాలి. గర్భిణులకు వద్దు. కిడ్నీలో రాళ్ళున్నవారు కూడా ఆలోచించాలి. వట్టివేళ్ళు, ధనియాల నీళ్ళతో ఈ గొడవ అంతగా లేదు.

రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు. మే నెలాఖరుకు ఆ కార్తె వచ్చేస్తుంది. ఈలోపు ఎండలో జాడీ పెట్టొద్దని నాలుగు వాక్యాల సవరణ అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. ఇకపై ఇలాంటి చిట్కా వేసినప్పుడు ఎన్ని గ్రాములు, ఎన్ని గంటలు, ఎక్కడ పెట్టాలి అన్నవి రాయించండి. చోటు సరిపోకపోతే లాభాల జాబితా కుదించుకోవచ్చు.

ఇంకొకటి, వడకట్టాక మిగిలిన గోంగూర తొడుగుల్లో పులుపు కొంత మిగిలే ఉంటుంది. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేయించి, ఉప్పుతో కలిపి రుబ్బితే నలుగురికి సరిపడా పచ్చడి. కాస్త చింతపండు తోడు కావాలి. వేడన్నంలోకి ఆ పూటే వాడేయాలి, నిలవకు ఆగదు.

ఇట్లు,
విశ్రాంత గృహవిజ్ఞాన అధ్యాపకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.